గొంగళి కింద తెగిన బేరం

అక్షరాలు నాకు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. ఒక అక్షరం కింద పెట్టాల్సిన ఒత్తు ఇంకొక అక్షరం కింద పెట్టి ఉంటాను. ఈ నాలుగు పేజీలకు నలభై రోజులు పట్టింది. తప్పులుంటే సర్దుకుని చదవండి. కథ మాత్రం సూటిగానే నడుస్తుంది.

ఉదయగిరి కొండ కింద ఓబమ్మ వాళ్ళ ఊళ్ళో గొర్రెలున్న ఇళ్ళు పదిహేడు. ఆ పదిహేడు ఇళ్ళ తరఫున ఆత్మకూరు మీటింగుకు ఎవరు పోవాలన్న మాట వచ్చినప్పుడు అందరూ కామయ్య వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు. కిందటి మీటింగుకు పోయింది కామయ్యే. వచ్చేటప్పుడు నెత్తిన ఒక టోపీ, చేతిలో ఒక స్టీలు నీళ్ళ సీసా తెచ్చుకున్నాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నార్రా అని అడిగితే, "బిర్యానీ బాగుండాది, ముక్కలే తక్కువ" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క రాబట్టలేకపోయారు.

సంగతేమిటంటే, ఎక్కడో చలిదేశంలో ఒక కంపెనీ ఉంది. అది పొగ వదులుతుంది. ఆ పొగకు సరిపడా చెట్లు ఇంకెక్కడైనా పెంచితే, పొగ వదలనట్టే లెక్క. ఆ ఇంకెక్కడో అన్నది తిరిగి తిరిగి ఓబమ్మ వాళ్ళ కొండవాలు అయింది. నూటనలభై ఎకరాల బీడు. చుట్టూ కంచె, లోపల మొక్కలు, ముప్పై ఏళ్ళు గొర్రె కాలు పెట్టకూడదు. అయితే అక్కడ మేపుకునేవాళ్ళు సరేనంటే తప్ప పని మొదలుపెట్టరాదని వాళ్ళ కాయితాల్లోనే రాసి ఉంది. అందుకే ఈ మీటింగులు, ఈ బిర్యానీలు.

శ్రావణం మొదలు పుష్యం దాకా కింది పొలాల్లో పైరుంటుంది. ఆ ఆరు నెలలూ గొర్రెకు కొండవాలు తప్ప మేత లేదు. ఓబమ్మకు అరవై రెండు గొర్రెలు. కంచె పడితే శ్రావణంలోపు మందంతా అమ్ముకోవాలి. మంద అమ్మేశాక పొద్దున్నే లేచి ఎటు పోవాలో ఓబమ్మకు తోచదు. పెళ్ళయిన ఏటి నుంచి ఆమె పొద్దున్నే లేచి పోయింది ఆ వాలుకే.

"మా అక్క పోతాది," అన్నాడు ఓబమ్మ తమ్ముడు పెంచలనరసయ్య. "సంతలో గొర్రె చుట్టూ మూడుసార్లు తిరగందే నోరు తెరవదు. తిండికి లొంగే రకం కాదు. ఆమె వండింది ఆమెకే నచ్చదు."

"నిన్ను ఏడేళ్ళు సాకింది ఆ వంటేరా," అంది ఓబమ్మ. పోవడానికి మాత్రం ఒప్పుకుంది.

ఓబమ్మ మనవరాలు భవ్యశ్రీ ఆత్మకూరులో గది తీసుకుని సర్కారు పరీక్షలకు చదువుతోంది. ఇంగ్లీషు బాగా వచ్చునని, మీటింగు రోజుకు కంపెనీవాళ్ళు ఆ పిల్లనే అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పేందుకు పెట్టుకున్నారు. ముందురోజు ఊరికి వచ్చి, పొద్దున అవ్వతో కలిసి బస్సెక్కింది.

"అవ్వా, ముందే చెప్తా ఉండా. ఈ పొద్దు నేను వాళ్ళ మనిషిని. నువ్వు చెప్పింది చెప్పినట్టు చెప్తా. నీ పక్కకు లాగను."

"లాగొద్దులే మే. నా పక్క నేనుండాను గదా."

బస్సు ఉదయగిరి దాటినాక భవ్యశ్రీ సీటులో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, పరీక్షకు చదివిందంతా అవ్వకు ఒప్పజెప్పడం మొదలుపెట్టింది.

"ఏటా దేశాలన్నీ ఒక ఊళ్ళో చేరి ఇదే మాట్లాడుకుంటాయి. భూమి వేడెక్కతా ఉండాది, ఎవురు ఎంత తగ్గాలని."

"వేడెక్కించింది ఎవురు?"

"ఎక్కువ ధనిక దేశాలే. నూటయాభై ఏళ్ళు బొగ్గు కాల్చి మేడలు కట్టుకున్నారు. ఇప్పుడేమో అందరం కలిసి తగ్గుదాం అంటారు. మన మాదిరి దేశాలు అట్ట కుదరదంటాయి. మనోళ్ళవి మూడు మాటలు. ముందు పొగ పెట్టినోడు ముందు తగ్గాల. అందరి నెత్తినా ఒకే బరువు పెట్టగూడదు. మమ్మల్ని మారమంటే దానికి కావాల్సిన సాయం ముందు చెయ్యాల, చేస్తామని నోటితో అంటే చాలదు."

"న్యాయంగానే ఉండాదే," అంది ఓబమ్మ. "ఎన్నాళ్ళుగా మాట్లాడతా ఉండారు?"

"ముప్పై ఏళ్ళయింది."

"ముప్పై ఏళ్ళు బేరం తెగలేదా? అన్నాళ్ళూ వాళ్ళకు తిండెవురు పెడతారు?"

"ఏ దేశంలో జరిగితే ఆ దేశం."

"అట్టయితే తెగదులే. అందరి ఎదురుగా బేరమాడతారా, చాటునా?"

"వేలమంది ఎదురుగా అవ్వా. టీవీలోళ్ళు గూడా ఉంటారు."

ఓబమ్మ మనవరాలి వైపు జాలిగా చూసింది. "పదిమంది చూస్తా ఉంటే ఎవుడన్నా తగ్గతాడా మే? పెళ్ళాం ఎదురుగా గూడా తగ్గడే." తర్వాత ఆత్మకూరు వచ్చేదాకా కునుకు తీసింది.

మీటింగు ఒక కల్యాణమండపంలో పెట్టారు. వేదిక వెనక నిన్నటి పెళ్ళివాళ్ళ పేర్లు ఇంకా తీయలేదు. వాటిమీద భూగోళం బొమ్మ ఉన్న బ్యానరు కట్టారు గానీ అది చాలలేదు. భూగోళానికి ఒక పక్క పెళ్ళికొడుకు పేరు, ఇంకో పక్క సగం పూలదండ బయటికి కనిపిస్తున్నాయి. హాల్లో ఏసీలు ఎంత గట్టిగా పెట్టారంటే, నడి వైశాఖంలో గొర్రెలవాళ్ళంతా భుజాల మీది గొంగళ్ళు దించి ముసుగేసుకున్నారు. ఓబమ్మ ఊరివాళ్ళు పదిమంది దాకా వచ్చారు. వాళ్ళ వెనక వరికుంటపాడు, కొండాపురం, అనంతసాగరం మండలాల గొర్రెలవాళ్ళు కూర్చున్నారు. ఇక్కడ కుదిరితే తర్వాత వాళ్ళ బీళ్ళే.

ముందు వరసలో జనార్దనయ్య ఉన్నాడు. ఊరికి పెద్ద, ఎనిమిది బోర్లు, పెద్ద నిమ్మతోట. కంచె వేసే పనీ, కాపలా పనీ ఆయనకే అప్పజెపుతామని కంపెనీ మాట ఇచ్చింది. ఆయన పక్కన కంపెనీ ఆఫీసరు ప్రశాంత్, హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆ పక్కన చలిదేశం నుంచి వచ్చిన పెద్దమనిషి. ఆయన పేరు ఓబమ్మ రెండుసార్లు చెప్పించుకుంది. నోరు తిరగక దొర అనుకుని ఊరుకుంది.

ప్రశాంత్ తెరమీద బొమ్మలు వేసి చూపించాడు. కరిగే మంచు, ఎండిన చెరువు, ఆఖరున ఒక గొర్రె బొమ్మ. గొర్రె నెమరు వేస్తూ తేన్చినప్పుడు ఒక గ్యాసు వస్తుందనీ, దానివల్ల కూడా భూమి వేడెక్కుతుందనీ, కాబట్టి మందలు కొంత తగ్గించుకుంటే అందరికీ మంచిదనీ చెప్పాడు.

ఓబమ్మ లేచింది. "అబ్బయ్యా, పొద్దున ఏం తిన్నావు?"

"ఇడ్లీ అమ్మా."

"తిన్నాక తేన్చినావా?"

ప్రశాంత్ తెరమీది గొర్రె బొమ్మ వైపు తిరిగాడు.

"తేన్చే ఉంటావు. నిన్ను తగ్గించమని నేనడగలేదే."

వెనక గొంగళ్ళన్నీ కదిలాయి. ఆమె ఏమన్నదని దొర అడిగాడు. భవ్యశ్రీ చెప్పింది. దొర మెడ వంచి చాలాసేపు తన బూట్లు చూసుకున్నాడు, నవ్వు కనపడకుండా.

"ఓబమ్మా, ఎకసెక్కాలొద్దు," అన్నాడు జనార్దనయ్య. "ప్రపంచం కోసరం అందరం తలా ఇంత వొదులుకోవాల. నేను గూడా మా ఇంటిముందర ఇరవై కొబ్బరిమొక్కలు పెడతా ఉండా."

"మీరు ఇరవై మొక్కలు, మేం నూటనలభై ఎకరాలు. ఎనిమిది బోర్లు గదా జనార్దనయ్యా, ఒకటి కట్టెయ్యండి."

"అది వేరే సబ్జెక్టు."

"సరే. కొండవాలు పోతే మేం మందలు అమ్ముకుంటాం. ఎండాకాలం మీ నిమ్మతోటలో ఎరువుకు మంద కట్టేదానికి ఎవురొస్తారు? ఏటా మావే గదా తోలించుకునేది. కొబ్బరిమొక్కలు ఎరువేస్తాయా?"

జనార్దనయ్య ఆ సంగతి అంతదాకా ఆలోచించినట్టు లేదు. పక్కకు వంగి ప్రశాంత్‌తో, "నేను మొదట్నించీ అదే చెప్తా ఉండా. కొంచెం చూసుకుని వెయ్యాల కంచె," అన్నాడు.

అప్పుడు ఓబమ్మ అసలు మాటల్లోకి దిగింది. ఈ ఎండలు ఎవరి పొగతో ముదిరాయో వాళ్ళు ముందు తగ్గాలంది. నాలుగు కార్లలో వచ్చినవాళ్ళకూ నడిచే గొర్రెకూ ఒకే బరువు పెట్టడం ఏ సంతలోనూ చూడలేదంది. మొక్కలకు ముందే గొర్రెలకు నీళ్ళతొట్టి కట్టిస్తామని కిందటి మీటింగులో అన్నారట, కామయ్య చెప్పకపోయినా కొండాపురంవాళ్ళు చెప్పారు, అది ఏదంది. ఈ హాలు చల్లగా ఉండేందుకు వెనకవైపు వేడిగాలి ఎక్కడికి పోతోందో వచ్చి చూడమంది. అక్కడ వంటవాళ్ళు పొయ్యి సెగకు కాదు, ఏసీ సెగకు తట్టుకోలేక గాడిపొయ్యి వదిలేసి వేపచెట్టు కిందికి పోయారని చెప్పింది. మధ్యమధ్యలో కొందరి పుట్టుకల గురించీ కొన్ని మాటలు పడ్డాయి.

భవ్యశ్రీ అంతా విని, దొరకు నాలుగు వాక్యాలు చెప్పి ఆపింది.

"ఏందే, నేను అంతసేపు మాట్లాడితే ఇంతేనా?"

"తిట్లు తీసేస్తే అంతే అవ్వా."

దొర కాయితం మీద ఏదో రాసుకున్నాడు. ప్రశాంత్ మాత్రం నూటనలభై ఎకరాల నుంచి దిగలేదు. ఓబమ్మ జానెడు నేల ఇవ్వనని కూర్చుంది. భోజనాల వేళ అయింది. భోజనాల తర్వాత మళ్ళీ అదే. నూటనలభై అని అతను, జానెడు కూడా ఇవ్వనని ఈమె. సాయంత్రం రేణిగుంటలో దొరకు విమానం ఉంది. డ్రైవరు రెండుసార్లు తలుపు తెరిచి చూసి పోయాడు.

ఓబమ్మ కూర్చున్నచోటి నుంచి ప్రశాంత్‌నే గమనిస్తోంది. దొర చెవిలో ఏదైనా చెప్పే ముందు అతను వెనక వరసల వైపు చూస్తున్నాడు. వరికుంటపాడువాళ్ళనూ అనంతసాగరంవాళ్ళనూ చూసి గొంతు తగ్గిస్తున్నాడు. ఆమెకు అర్థమయింది. వీడు తగ్గగలడు, కానీ ఇక్కడ పది ఎకరాలు తగ్గితే వెనకున్న వాళ్ళంతా తలా పది తగ్గమంటారు. ఇక తన సంగతి. నూటనలభైలో గొర్రె తిరగని నేల కొంత లేకపోలేదు. అయినా ఒక్క ఎకరం ఇస్తానని పైకి అంటే, ఊరు చేరేలోపు కామయ్య దాన్ని వంద ఎకరాలు చేస్తాడు. ఇద్దరికీ నోరు తెరిస్తే నష్టమే.

ఓబమ్మ లేచి, తన గొంగళి తీసి చేతిమీద వేసుకుని వేదిక ముందుకు వచ్చింది.

"అబ్బయ్యా, ఇట్ట నోటితో తెగదు. మేం సంతలో గొర్రెలు బేరమాడినట్టు ఆడదాం. గుడ్డ కింద చెయ్యి పెట్టు."

ప్రశాంత్ రెండు అడుగులు వెనక్కి వేశాడు. "అలాంటివి ప్రొసీజర్‌లో లేవమ్మా." ఇంతలో అతని ఫోను మోగింది. ఇదే అదనుగా మాట్లాడుతూ కిటికీ దగ్గరికి పోయాడు.

భవ్యశ్రీ దొరకు సంత పద్ధతంతా వివరించింది. గొర్రె అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ తువ్వాలు కింద చేతులు కలుపుతారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు. ఇక్కడ మాత్రం వేలికి పది ఎకరాలు. వేలు సగానికి పట్టుకుంటే అందులో సగం. నోరు విప్పకూడదు. చెయ్యి మొత్తం పట్టుకుని కుదిపితే తెగినట్టు. ఎంతకు తెగిందో అక్కడ చెప్పకూడదు, సరుకు చేయి మారేచోటే చెప్పాలి. ఓబమ్మ ఇంకో రెండు కట్టుబాట్లు చెబితే అవి కూడా ఇంగ్లీషులో చెప్పింది. దొర అన్నిటికీ తల ఊపాడు. కోటు విప్పి కుర్చీ మీద వేశాడు. చొక్కా చేయి మోచేతిదాకా మడుచుకుని, తనే గొంగళి కిందికి చెయ్యి పెట్టాడు.

హాలు హాలంతా నిలబడింది. కామయ్య కుర్చీ ఎక్కాడు.

దొర చెయ్యి చల్లగా, మెత్తగా, పిండిముద్దలా ఉంది. ఈ చేత్తో ఏం పని చేస్తాడో అనుకుంది ఓబమ్మ. ఆయన ఆమె రెండు చేతుల వేళ్ళూ కలిపి పట్టుకుని, ఆపైన ఇంకో నాలుగు వేళ్ళు లెక్కపెట్టాడు. నూటనలభై. ఓబమ్మ చేతులు విదిలించి, తన చిటికెనవేలు ఒక్కటి ఇచ్చింది. దొర మొహం కదల్లేదు. పన్నెండు వేళ్ళన్నాడు. ఆమె మళ్ళీ చిటికెనవేలే ఇచ్చింది, ఈసారి సగానికి మడిచి. దొర కనుబొమ్మ కొంచెం లేచి దిగింది. సగం వేలు కూడా నేర్చుకున్నాడు, ఎనిమిదిన్నర అన్నాడు. ఓబమ్మకు మొదటిసారి ఆ మనిషి మీద గౌరవం కలిగింది. వాళ్ళ సంతలో ఇరవై ఏళ్ళు తిరిగినవాళ్ళకు కూడా సగంవేలు ఇంత తొందరగా రాదు.

"అక్కా, ఎంత?" అన్నాడు పెంచలనరసయ్య ఉండబట్టలేక.

"నోరు ముయ్యిరా."

కొంతసేపు గొంగళి అటూ ఇటూ కదిలింది, లోపల కోడిపిల్ల చిక్కుకున్నట్టు. ప్రశాంత్ ఫోను పెట్టేసి వచ్చేసరికి, దొర ఓబమ్మ చెయ్యి మొత్తం పట్టుకుని గట్టిగా కుదుపుతున్నాడు. ఓబమ్మ గొంగళి దులిపి భుజాన వేసుకుంది.

"తెగింది," అంది.

"ఎంతకు?" అన్నాడు ప్రశాంత్.

"ఎల్లుండి కొండవాలు కాడికి రా, చెప్తా."

దొర కూడా ఆ మాటే అని, నవ్వుతూ కారెక్కి విమానానికి పోయాడు. ప్రశాంత్ విలేకరులకు చారిత్రక ఒప్పందం కుదిరిందని చెప్పాడు. ఏం కుదిరిందని వాళ్ళడిగితే, వివరాలు ఖరారు కావాల్సి ఉందన్నాడు.

రెండు రోజులూ ఊళ్ళో ఓబమ్మను ఎవరూ నిలవనివ్వలేదు. నలభై అని ఒకరు, ఎనభై అని ఒకరు. కామయ్య అనుకున్నంత పనీ చేశాడు, వంద అని చెప్పి దానికి సాక్ష్యంగా దొర నవ్వును చూపించాడు. పెంచలనరసయ్య అక్క ఇంట్లో అన్నం తినడం మానేశాడు.

"వంట బాగుండదంటివి గదా, మంచిదే," అంది ఓబమ్మ. చెప్పమన్నది మాత్రం చెప్పలేదు. రాత్రిపూట మాత్రం గొర్రెల దొడ్డి దగ్గర కూర్చుని, తప్పు చేశానా అని వేళ్ళు ముడిచి తెరిచి చూసుకునేది.

మూడోరోజు పొద్దున ప్రశాంత్ సర్వేయరును వెంటబెట్టుకుని వచ్చాడు. జనార్దనయ్య కంచె స్తంభాలకు నమూనాగా ఒక ఇనపరాటను కారు మీద కట్టించుకుని వచ్చాడు. ఊరంతా వాలు మొదట్లో నిలబడింది. ఓబమ్మ నెత్తిమీద ఒక రాయి పెట్టుకుని నడవడం మొదలుపెట్టింది. ఆమె ఎక్కడ దించితే అక్కడి నుంచి కంపెనీది.

మొదటి గడ్డినేల వచ్చింది. జనం ఊపిరి బిగబట్టారు. ఆమె ఆగలేదు. వాగు దాటింది. నీడకు గొర్రెలు పడుకునే చోటు దాటింది. పెంచలనరసయ్య వెనక నుంచి "పో అక్కా, పో," అని గొణుగుతున్నాడు. రెండో గడ్డినేల దాటింది. ప్రశాంత్ చెమట తుడుచుకుంటూ, "అమ్మా, మనం కొండ దాటిపోతున్నాం," అన్నాడు. ఉత్తరం వైపు తిరిగే మూల దగ్గర ఓబమ్మ రాయి దించింది. అక్కడి నుంచి అన్నీ బండలు, ముళ్ళకంప. గొర్రె మాట అటుంచి, తొండ కూడా ఆలోచించి పోవాల్సిన నేల.

"ఈడ్నుంచి ఆ పక్కంతా. నలభై ఎకరాలు."

ప్రశాంత్ ఒక బండను బూటుతో తన్ని చూశాడు. "అమ్మా, నలభై అంటే ఎక్కడైనా మంచి నేలలో కదా అనుకుంటాం."

"సంతలో ఎన్ని గొర్రెలన్నది ఇద్దరం తేల్చుకుంటాం. ఏయే గొర్రెలన్నది అమ్మేవాళ్ళే ఏరి ఇస్తారు. అది కట్టుబాటు."

"ఆ మాట మీటింగులో ఎవరూ చెప్పలేదే."

"చెప్పినాను సార్," అంది భవ్యశ్రీ. "మీరు ఫోనులో ఉండారు. ఆయన సరేనన్నాడు."

ప్రశాంత్ అక్కడే నిలబడి దొరకు ఫోను చేశాడు. ఇటువైపు చాలాసేపు చెప్పాడు. తర్వాత అటువైపు నుంచి నవ్వు, పక్కనున్న సర్వేయరుకు కూడా వినిపించేంత నవ్వు. ప్రశాంత్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"కట్టుబాటు అంటే కట్టుబాటే అన్నారు. నీళ్ళతొట్టి ముందు కట్టించమన్నారు. బండల్లో మొక్కలు పెంచే పద్ధతి మాత్రం మిమ్మల్నే అడగమన్నారు." అతను ఒక బండ మీద కూలబడ్డాడు. "చెప్పండమ్మా. ఇక్కడ ఏం బతుకుతుంది?"

ఓబమ్మ ఎదురు బండ మీద కూర్చుంది. ఆ కుర్రవాడి బూట్లలో ముళ్ళు దిగి ఉండడం చూసి కొంచెం మెత్తబడింది.

"సీతాఫలం పెట్టు నాయనా. బండ సందుల్లో అదే బాగా లేస్తాది. రెండేళ్ళు నీళ్ళు మోసినావంటే తర్వాత దాని బతుకు అది బతుకుతాది. మోసేదానికి ఈ మగోళ్ళంతా ఖాళీనే, కూలివ్వు. పండ్లు మా వోళ్ళు కోసుకుంటారు, పొగ లెక్క నువ్వు రాసుకో."

ప్రశాంత్ పుస్తకం తీసి రాసుకున్నాడు. "సీతాఫలం. సరే. కంచె ఎటువైపు నుంచి మొదలుపెడదాం?"

"కంచె ఎందుకు? సీతాఫలం ఆకు చేదు. గొర్రె గానీ మేక గానీ మూతి పెట్టదు. ఉత్తపుణ్యానికి ఇనుము పాతుతావా?"

ప్రశాంత్ కలం ఆపి సర్వేయరు వైపు చూశాడు. అవునన్నట్టు సర్వేయరు తల ఊపాడు. ప్రశాంత్ పుస్తకంలో కంచె అన్నచోట ఒక గీత కొట్టాడు. ఆ కిందనే కాపలా అని ఉంది. దాన్నీ చూశాడు. దాని మీద కూడా గీత కొట్టాడు.

అంతవరకూ రొప్పుతూ ఎక్కి అప్పుడే వచ్చిన జనార్దనయ్య, "ఏంది, ఏం కొట్టేస్తా ఉండావు?" అన్నాడు. సర్వేయరు పుస్తకంలోని రెండు గీతల్నీ చూపించాడు. ఆయన ఒకసారి బండల్ని, ఒకసారి ఓబమ్మను చూసి, "నిమ్మతోటకు మంద ఎప్పుడు తోలతావు మరి?" అని మాత్రం అడిగాడు.

"కార్తెలు చూసి చెప్తాలే," అంది ఓబమ్మ. లేచి, వాలు అంచు దాకా పోయి, కింద దొడ్డి బయట ఆగి ఉన్న మంద వైపు నోటిమీద చెయ్యి పెట్టి కేకేసింది. అరవై రెండూ తలలెత్తాయి. ముందు ఒకటి కదిలింది, దాని వెనక మిగతావన్నీ గడ్డినేల మీదికి ఎక్కసాగాయి.

చెంచమ్మ
వయసు అరవై ఏడు
ఇప్పుడు ఉండేది అనంతసాగరం